థైరాయిడుకి గులాబీ ఉప్పంట!

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. ప్రొడక్షన్‌లో ఏదన్నా తేడా వస్తే ముందు లాగ్స్ చూస్తాం, రూట్ కాజ్ అంటాం, డేటా లేకుండా మాట్లాడినవాణ్ణి మీటింగులో నిలబెట్టి కడిగేస్తాం. అదే మన ఒంట్లో తేడా వస్తే మాత్రం, ఎవరో వాట్సాప్‌లో పంపిన డైట్ చార్టు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించేస్తాం. రివ్యూ లేదు, టెస్టింగ్ లేదు. డైరెక్టుగా లైవ్!

ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషను "హార్మోన్ బ్యాలెన్స్ డైట్". థైరాయిడ్ ఉన్నవాళ్ళు, పీసీఓడీ ఉన్నవాళ్ళు, ఏమీ లేకపోయినా ఎందుకైనా మంచిదని మొదలుపెట్టినవాళ్ళు, అందరికీ ఒకటే చార్టు. పొద్దున్నే ఏవో గింజలు నానబెట్టి తినాలి, పదిహేను రోజులు ఒక రకం, ఇంకో పదిహేను రోజులు ఇంకో రకం. క్యాబేజీ ముట్టకూడదు. గోధుమ విషం, పాలు విషం. తెల్ల ఉప్పయితే మహా విషం, దాని బదులు గులాబీ రంగు హిమాలయన్ ఉప్పు వాడాలి. ఆ మధ్య మా ఆఫీసులో "వెల్‌నెస్ సెషన్" అని పెట్టి ఒకావిడని తీసుకొచ్చారు. గంటసేపు హార్మోన్ల గురించి చెప్పి చివర్లో తొంభై రోజుల కిట్ అమ్మింది. ఆ కిట్టులో కూడా గులాబీ ఉప్పు డబ్బా ఒకటి! మా టీములో నలుగురు కొన్నారు. నలుగురూ కంప్యూటర్ సైన్సు పట్టభద్రులే.

గింజల సంగతి వదిలేస్తాను. నువ్వులూ అవిసెలూ తింటే పోయేదేం లేదు, మహా అయితే డబ్బులు పోతాయి. నాకు ఒళ్ళు మండేది ఆ ఉప్పు దగ్గరే.

ఎందుకో చెప్పాలంటే థైరాయిడ్ హార్మోను ఎలా తయారవుతుందో రెండు ముక్కలు చెప్పుకోవాలి. మన రిపోర్టుల్లో టీ3, టీ4 అని ఉంటాయి చూడండి, ఆ 3, 4 అంకెలు ఏంటనుకుంటున్నారు? ఒక్కో అణువులో ఉన్న అయోడిన్ పరమాణువుల లెక్క. టీ4లో నాలుగు, టీ3లో మూడు. అంటే ఆ హార్మోనుకి ముడిసరుకే అయోడిన్. అది తిండిలోంచే రావాలి, ఒంట్లో తయారయ్యేది కాదు. రాకపోతే గొంతు దగ్గరున్న ఆ గ్రంథి, ఉన్న కాస్త అయోడిన్‌నీ ఒడిసిపట్టుకోడానికి ఉబ్బిపోతుంది. అదే గాయిటర్. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణికి 250. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు కూడా కాదు, మైక్రోగ్రాములు. జీవితాంతం తిన్నది పోగేసినా ఒక చెంచాడు ఉండదు. ఆ చెంచాడు లేకపోతే మాత్రం పుట్టే పిల్లల మెదడు ఎదగదు.

ఈ చెంచాడు అయోడిన్‌ని దేశంలో ప్రతి ఇంటికీ ఎలా చేర్చాలి అన్నదానికి దొరికిన జవాబే అయోడిన్ ఉప్పు. ఈ జవాబుని రుజువు చేసి చూపించింది ఎవరో మా సీకాకుళం వాళ్ళకే చాలామందికి తెలీదు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టరు, ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ జనరల్, పద్మవిభూషణ్, లండన్ రాయల్ సొసైటీ ఫెలో. 2001లో పోయారు. మా ఎచ్చెర్ల నుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి బస్సులో పట్టుమని అరగంట కూడా పట్టదు. అయినా ఇంటర్ దాకా అక్కడే చదివిన నాకు ఆయన పేరు ఏ మాష్టారూ చెప్పలేదు. సినిమా వాళ్ళ సొంతూళ్ళు మాత్రం మండలాలతో సహా చెప్పేవారు.

ఆయన బృందం 1956లో కాంగ్రా లోయలో ఒక పని మొదలుపెట్టింది. కాంగ్రా అంటే ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. అక్కడ పదిమందిలో దాదాపు నలుగురికి గాయిటర్ ఉండేది. లక్షకు పైగా జనం ఉన్న ఆ ప్రాంతాన్ని ఏ, బీ, సీ అని మూడు భాగాలు చేశారు. ఏ, సీ భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు (ఒకచోట పొటాషియం అయోడైడు, ఇంకోచోట అయోడేటు), బీ భాగానికి మామూలు ఉప్పు. మనం బటన్ రంగు మార్చి ఏ/బీ టెస్టింగ్ అని ప్రెజెంటేషన్లు ఇచ్చుకుంటాం కదా, ఇది లక్షమంది మీద, 1956లో! అయిదారేళ్ళు తిరిగేసరికి అయోడిన్ ఉప్పు తిన్నచోట్ల గాయిటర్ సగానికి సగం, ఇంకా ఎక్కువే తగ్గింది. మామూలు ఉప్పు తిన్న బీ భాగంలో ఎక్కడున్నది అక్కడే ఉంది. ఆ తర్వాత బీ వాళ్ళకి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు, వాళ్ళకీ తగ్గింది. ఈ పని ఆసరాగానే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది.

ఇక్కడే అసలు తమాషా ఉంది. 1961లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం రాసిన వ్యాసం పేరు చూడండి. తెలుగులో చెప్పుకుంటే "హిమాలయ ప్రాంతపు గాయిటర్‌కి మూలకారణం". హిమాలయ! కొండల మీద నేలలో అయోడిన్‌ని మంచూ వానా వేల ఏళ్ళుగా కడిగేశాయి కాబట్టి ఆ హిమాలయాల పాదాల పొడుగునా మన దేశపు గాయిటర్ పట్టీ ఉండేది. ఆ హిమాలయం పేరు పెట్టి, అయోడిన్ లేని రాతి ఉప్పుని, థైరాయిడ్ బాగుపడుతుందని చెప్పి, థైరాయిడ్ ఉన్నవాళ్ళకే అమ్ముతున్నారు. ఇంతకన్నా పెద్ద జోకు నాకెక్కడా దొరకలేదు. పోనీ అది నిజంగా హిమాలయాలదా అంటే అదీ కాదు. ప్రపంచమంతా ఆ పేరుతో తిరిగే ఉప్పు చాలావరకు పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనులది. అసలైన హిమాలయాలకి అది చాలా దూరం.

"అందులో 84 ఖనిజాలున్నాయి కదండీ" అంటారు. సరే, లెక్క వేద్దాం. ఆ ఉప్పులో 97-98 శాతం మన మామూలు సోడియం క్లోరైడే. మిగతా రెండు మూడు శాతమే ఈ 84 మందీ పంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి అయిదు గ్రాముల లోపు ఉప్పు తినమంటోంది. అయిదు గ్రాముల్లో రెండు శాతం అంటే 100 మిల్లీగ్రాములు. అన్నీ కలిపి! అదే మా అమ్మమ్మ పొద్దున్నే కాచే చోడంబలిలో ఒక గుప్పెడు, ముప్పై గ్రాముల చోడిపిండి వేస్తే ఒక్క కాల్షియమే వంద మిల్లీగ్రాములు వస్తుంది. చోళ్ళంటే రాగులేనండోయ్, హైదరాబాదు వాళ్ళ కోసం చెప్తున్నా. మామూలు ఉప్పుకి నాలుగైదు రెట్లు ధర పెట్టి కొన్న డబ్బా చేసే పని, చేసినా, ఇదీ. మా అమ్మమ్మకి ఈ ఉప్పు ఫొటో చూపిస్తే "ఉప్పుకి కూడా సోకులేనేటే?" అంది. అంతే, దానికి మించి విశ్లేషణ అక్కర్లేదు.

ఇక "మా తాతలు సముద్రపు కల్లుప్పే తిన్నారు, అందులో సహజంగా అయోడిన్ ఉంటుంది" అనే వాదన. ఇది మా వైపు మరీ ఎక్కువ, ఎందుకంటే జిల్లాలోనే నౌపడ ఉప్పు మళ్ళున్నాయి. ఆ ఉప్పు రుచి నాకూ ఇష్టమే, ఆవకాయకి అదే కావాలి. కానీ సముద్రపు నీళ్ళలోనే అయోడిన్ బహు తక్కువ. నాచూ చేపలూ దాన్ని పోగుచేసుకుంటాయి గానీ, ఎండలో నీళ్ళు ఇగిరి గడ్డకట్టిన ఉప్పులోకి లెక్కలోకి వచ్చేంత రాదు. మా తాతలకి అంతో ఇంతో అయోడిన్ అందిందంటే బుడగట్లపాలెం నుంచి గంపల్లో వచ్చిన కవళ్ళూ ఎండు నెత్తళ్ళూ వల్ల అందుండాలి, ఉప్పు వల్ల కాదు. ఆ గంప కొండ మీద సవర గూడేల దాకా ఎక్కేది కాదు, గచ్చిబౌలిలో చేప వాసన పడని మన ఫ్లాటుకీ రాదు.

2018-19లో దేశమంతా ఇళ్ళల్లో ఉప్పు తీసి పరీక్ష చేశారు. సరిపడా అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్ళు దేశం మొత్తం మీద 76.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 63.9 శాతం. మనకన్నా కింద ఉన్నది ఒక్క తమిళనాడు. అట్టడుగున ఉన్న అయిదు రాష్ట్రాల్లో నాలుగు ఉప్పు పండించేవే: తమిళనాడు, ఆంధ్ర, రాజస్థాన్, ఒడిశా. అయోడిన్ ఉప్పుని దేశానికి నేర్పినాయన పుట్టిన రాష్ట్రం కింద నుంచి రెండోది! పల్లెల్లో కల్లుప్పు చవగ్గా దొరుకుతుంది కాబట్టి వాడుతున్నారు, వాళ్ళని ఏమనగలం? లక్షలు జీతం తీసుకుంటూ, చేతిలో ఉన్న అయోడిన్ ప్యాకెట్టు తీసేసి, ఎక్కువ డబ్బిచ్చి మరీ ఆ జాబితాలోకి వెళ్ళి కూర్చునే మనల్ని అనాలి.

అయోడిన్ ఉప్పుకి ఎదురుమాటలు కొత్తేం కాదు. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదని 1998లో దేశమంతా నిషేధం వచ్చింది. ఇదంతా పెద్ద కంపెనీల కుట్ర, ఉప్పు మీద స్వేచ్ఛ పోయింది అని గొడవ జరిగి 2000లో ఎత్తేశారు. మళ్ళీ 2006 మే నుంచి పెట్టారు. ఈ గొడవలో ఒక న్యాయమైన మాటుంది, దాన్ని నేను కొట్టిపారెయ్యను. నౌపడ లాంటి చోట్ల ఎకరం రెండెకరాల మళ్ళు పెట్టుకున్నవాడికి అయోడిన్ కలిపే యంత్రం, ప్యాకింగు, పరీక్షలు అంటే కష్టమే. అతనికి ప్రభుత్వం సాయం చెయ్యాలి, అడగాల్సిందే. కానీ గులాబీ డబ్బా కొనేవాళ్ళెవరూ నౌపడ రైతు మీద ప్రేమతో కొనట్లేదు కదా!

ఇంకో వాదన కొంచెం గట్టిది. "అయోడిన్ ఉప్పు వచ్చాకే థైరాయిడ్ జబ్బులు పెరిగాయి." ఇది చెప్పేవాళ్ళు సాధారణంగా ఆధారం చూపించరు గానీ, ఆధారం లేకపోలేదు. డెన్మార్క్‌లో 2000లో ఉప్పుకి అయోడిన్ తప్పనిసరి చేశాక, జాగ్రత్తగా లెక్కలు కట్టి చూస్తే థైరాయిడ్ మందగించినవాళ్ళ సంఖ్య కొంత పెరిగిందని వాళ్ళే రాసుకున్నారు. మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసే హషిమోటో జబ్బు ఉంది, అయోడిన్ పెరిగితే అది కొందరిలో బయటపడొచ్చు. ఒప్పుకున్నాం. అందుకని డెన్మార్క్ అయోడిన్ మానేసిందా? లేదు, మోతాదు సరిచూసుకుంటూ కొనసాగించింది. ఎందుకంటే రెండు పక్కలా నష్టం ఒకటి కాదు. ఇటు మందగించిన థైరాయిడ్ ఉంది, రోజుకో మాత్రతో నడిచిపోతుంది. అటు కడుపులో అయోడిన్ అందని బిడ్డ మెదడు ఉంది, దానికి ఏ మాత్రా లేదు. రోల్‌బ్యాక్ లేని డెప్లాయ్‌మెంట్ అది.

మా పిన్ని కూతురు నాకన్నా రెండేళ్ళు చిన్నది, అదీ సాఫ్ట్‌వేరే. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు రెండో నెల. పీసీఓడీ ఉందని ఏడాదిగా ఈ చార్టు మీద ఉందట. గులాబీ ఉప్పు, పాలు బంద్, గుడ్డు బంద్, చేపలు ముందునుంచీ తినదు, రెండు పూటలా చిరుధాన్యాలే, అందులోనూ సజ్జలెక్కువ. విని నాకు నిజంగా భయం వేసింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న విషయమే. కలిపి చూడండి. మన తిండిలో అయోడిన్ వచ్చే దారులు నాలుగే: ఉప్పు, చేప, పాలు, గుడ్డు. నాలుగూ మూసేసింది. పైగా సజ్జలు, మా వైపు గంటెలంటాం, వాటిలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ అయోడిన్‌ని వాడుకునే పనికి అడ్డుపడతాయని సూడాన్‌లో దార్ఫూర్ ప్రాంతపు గాయిటర్ మీద 1980ల్లో చేసిన పరిశోధనల్లో తేలింది. అయోడిన్ సరిపడా తినేవాళ్ళకి దీనివల్ల ఏమీ కాదు, గంటెల సంకటి హాయిగా తినొచ్చు. అయోడిన్ ఖాళీ అయినచోట గంటెలే ప్రధాన తిండి అయితేనే ఇబ్బంది. సరిగ్గా ఆ రెంటినీ కలిపి, డబ్బు తీసుకుని, "హార్మోన్ డైట్" అని చేతికిచ్చారు దానికి. మొదటి మూడు నెలలు బిడ్డ సొంతంగా థైరాయిడ్ హార్మోను తయారుచేసుకోలేదు, తల్లి రక్తంలో ఉన్నదే గతి. ఏ నెలల్లో ఉప్పు డబ్బా మార్చకూడదో ఆ నెలల్లోనే ఉంది అది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, టీఎస్‌హెచ్ చూశారు, చెప్పాల్సింది చెప్పారు. ఆ చార్టు రాసినావిడ మాత్రం ఫోనులో "మీరు నెగటివ్‌గా ఆలోచిస్తున్నారండీ" అంది. నేనన్న మాటలు ఇక్కడ రాయను.

పీసీఓడీ మాటొచ్చింది కాబట్టి: దాని మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఫలానా డైటే మిగతావాటికన్నా మేలు అనడానికి ఆధారం లేదని తేల్చాయి. సమతుల్యంగా, మనిషి కొనసాగించగలిగేలా ఉండాలి, కదలాలి. అంతే. ఇది ఎవడూ కిట్టులో పెట్టి అమ్మలేడు, అందుకే ఎవడూ చెప్పడు. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డరు పెట్టి, రెండింటి దాకా క్లయింటు కాల్లో ఉండి, పొద్దున్నే అవిసె గింజలు నమిలితే ఇన్సులిన్ దారికొస్తుందనుకోవడం మన అమాయకత్వం. మేనేజరుని అడగాల్సింది రాత్రి కాల్స్ తగ్గించమని. అది అడగలేక గింజలు కొంటున్నాం. కంపెనీ కూడా కాల్స్ తగ్గించలేక వెల్‌నెస్ సెషన్ పెడుతోంది. ఇద్దరికీ సరిపోయింది.

క్యాబేజీ గురించి ఒక మాట. ఉడికించి కూర చేసుకుని వారానికి రెండు సార్లు తింటే థైరాయిడ్‌కి ఏమీ కాదు. పచ్చి క్యాబేజీ కిలోలకి కిలోలు తినేవాళ్ళు మనలో లేరు. అలాగే అయోడిన్ మంచిదన్నాను కదా అని సముద్రపు నాచు మాత్రలు తెప్పించుకోకండి. అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ అయోడిన్ ఉండే అవకాశం ఉంది, అదీ ప్రమాదమే. ఉన్న హషిమోటో అయోడిన్‌తో పోదు, గులాబీ ఉప్పుతోనూ పోదు. మరి ఏ ఉప్పు కొనాలి అంటారా? వంటకి అయోడిన్ ఉప్పు ఏ కంపెనీదైనా సరే, ప్యాకెట్టు మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటే అది అయోడిన్ ఉప్పని గుర్తు. కొట్లో అమ్మేటప్పటికి కనీసం 15 పీపీఎం ఉండాలని నియమం, అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు. తడి తగలకుండా మూత పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి. ఉప్పు తక్కువ తినమని డాక్టరు చెబితే తక్కువే తినండి, ఆ తక్కువా అయోడిన్‌దే తినండి. రాతి ఉప్పు మీద మరీ మోజుంటే ప్యాకెట్టు వెనకాల అయోడిన్ ఉందో లేదో చదవండి. లైసెన్సు అగ్రిమెంట్లు చదవం సరే, ఇది నాలుగే లైన్లు.

అన్నట్టు, థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్ళకి ఇంకోటి. ఖాళీ కడుపున, టిఫినుకి అరగంట నుంచి గంట ముందు, మంచినీళ్ళతో. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా దాన్ని ఒంటికి పట్టనివ్వదు. మా ఫ్లోరులో ఇద్దరు ఆ మాత్రని పొద్దున్న ఆఫీసు మెషీన్ కాఫీతో మింగి, ఆర్నెల్లుగా టీఎస్‌హెచ్ దిగట్లేదని తొంభై రోజుల కిట్ రెండోసారి ఆర్డరు పెట్టారు.